వదిన దువ్వెన

ఫిబ్రవరి 2, సోమవారం

వదినా,

చేరాను. గేటు దగ్గర ఫోను తీసుకుని చీటీ ఇచ్చారు. రాకెట్ ఎగిరేదాకా ఇక ఫోను లేదు. లోపల ఎవరి జేబులో ఫోను మోగినా మొదట వినేది నా రిసీవరే. అందుకని ఈ రూలేదో నేనే పెట్టినట్టు అందరూ నన్ను అదోలా చూస్తున్నారు. ఉత్తరాలు మంగళవారం, శుక్రవారం సరుకుల వ్యానులో వెళ్తాయి, అందులోనే వస్తాయి.

నేను చేసే పనేమిటని అన్నయ్య స్టేషన్లో మళ్లీ అడిగాడు. రైలు కదిలిపోయింది, జవాబు బాకీ పడింది. ఇప్పుడు చదివి వినిపించు. వంద కిలోమీటర్ల పైన గాలి బాగా పలచబడి, ఎండకి విడిపోయి, కరెంటు పారే పదార్థంగా మారుతుంది. దాన్ని ప్లాస్మా అంటారు. అందులో అలలు పుడతాయి. చెవికి వినపడవు. రాకెట్ పైకి వెళ్లాక నాలుగు కడ్డీలు చాచుతుంది. వాటి కొసల్లో లోహపు బంతులుంటాయి. అవి అలని పట్టుకుంటాయి. నా డబ్బా దాన్ని సెకనుకి కోటిసార్లు కొలిచి, అంకెలు చేసి కిందికి పంపుతుంది. పాత రిసీవర్లు ముల్లు తిప్పుకుంటూ ఒక్కో స్టేషనూ వినేవి. ఇది అన్ని స్టేషన్లూ ఒకేసారి వింటుంది. పది నిమిషాలు తిరక్కుండానే రాకెట్ సముద్రంలో పడిపోతుంది. డబ్బా తిరిగి రాదు. దాన్ని కట్టడానికి నాకు ఏడేళ్లు పట్టిందని అన్నయ్యకి చెప్పకు, జీతం ఎవరిస్తున్నారని అడుగుతాడు.

రాకెట్ తలభాగాన్ని కూర్చే హాలు పెద్ద షెడ్డు, అందులో మేం ఎనిమిది మందిమి. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల ఏసీ వణికిస్తుంది. పరికరాలకి ఆ చల్లదనం కావాలట. నువ్వు కుట్టిన కోటు మొదటి గంటలోనే తొడిగాను. వీపు వెచ్చగా ఉంది. ఒట్టు తప్పను.

ఇక్కడ ఒక అలమరలో ఇనుప దిమ్మ ఉంది. నా డబ్బా ఎంత బరువో అదీ అంతే బరువు. అవే కొలతలు, అవే బోల్టు కంతలు. ఏ పరికరమైనా ఆఖర్లో మొరాయిస్తే దాన్ని పీకేసి దిమ్మని బిగిస్తారు, రాకెట్ తూకం చెడకుండా. లేత్ మేస్త్రీ దానికి బూడిదరంగు కూడా వేశాడు. మా పెద్దాయన, అంటే ఈ ప్రయోగం మొత్తానికి అధిపతి, దాన్ని తట్టి చూపించి, "ఇది ఎప్పుడూ పేచీ పెట్టలేదమ్మా" అన్నారు. నాకు నచ్చలేదు.

నీ
పొట్టి


ఫిబ్రవరి 7, శనివారం

పొట్టీ,

ఉత్తరం అందింది. అన్నయ్యకి చదివి వినిపించాను. అంతా విని, "లిఫ్టులైతే కిందికి తిరిగొస్తాయి" అన్నాడు. లిఫ్టు మెకానిక్కి ఇంతకంటే ఏం తోస్తుంది. ఏడేళ్ల సంగతి చెప్పలేదు. నాకైతే వింతగా ఏం లేదు. పెళ్లి బట్టలు నెల రోజులు కుడతాను, రెండు గంటలు తొడిగి పెట్టెలో పడేస్తారు. కనీసం నీది సముద్రంలోనే పడుతుంది, బిగుతైపోయిందని తిరిగి తీసుకురారు.

కోటు సంగతి. ఉతక్కు. తడి గుడ్డతో తుడువు. తీగ వీపు మీద అటూ ఇటూ వంకరలు తిప్పుతూ పద్దెనిమిది వరసలు కుట్టాను, పడుకున్నప్పుడు తొడుక్కుంటే తెగుతుంది. బ్యాటరీ రోజూ చార్జి పెట్టు. వేడి ఎక్కువా తక్కువా చేసే చిన్న డబ్బా అన్నయ్య కట్టింది కదా, దాని గురించి రాయమని పక్కనే నిలబడ్డాడు. అది నిజానికి వేడిని తగ్గించదట, కరెంటుని చకచకా ఆపుతూ వదులుతూ ఉంటుందట. మొదట్లో దోమలా ఒకటే కూత. మిషను దగ్గర కూర్చుంటే నాకు తల నొప్పి వచ్చింది. గోల పెడితే దాని వేగం బాగా పెంచేశాడు. ఇప్పుడు కూత మనిషి చెవికి అందదట. ఆయన పనితనం నీకు తెలియాలట. తెలిసింది కదా, ఇక ఆ సంగతి వదిలెయ్.

హాల్లో ఉన్నంతసేపూ కోటు ఒంటి మీదే ఉండాలి. పోయినసారి ఇలాంటి చల్లటి హాల్లోనే నిమోనియా తెచ్చుకుని, ఆస్పత్రి మంచం మీద పడుకుని "ఏం లేదు వదినా, జలుబు" అన్నావు. ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నది నేను. ఒట్టు ఊరికే వేయించుకోలేదు.

ఇక్కడ పని బాగానే ఉంది. కత్తిరింపు బల్ల మీద గుడ్డ జారకుండా ఇస్త్రీపెట్టె బరువు పెడుతున్నాను. మొన్న పొరపాటున వేడి పెట్టె పెట్టేశాను. బ్యాంకు మేనేజరు పాంటు. మోకాలి దగ్గర త్రికోణం పడింది. ఇంకా ఆయనకి చెప్పలేదు.

వదిన


ఫిబ్రవరి 9, సోమవారం

వదినా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఈలోగా ఇక్కడ కథ నడిచింది.

గురువారం మొదటిసారి నా రిసీవర్‌ని రాకెట్ తలలో బిగించి ఆన్ చేశాను. నేలమీద ఉన్నప్పుడు అది నిశ్శబ్దం వినాలి. తెర మీద తెల్ల కాగితంలా ఏమీ ఉండకూడదు. నాకు మాత్రం నిలువు గీతలు కనపడ్డాయి. ఒకదాని తర్వాత ఒకటి, సమాన దూరంలో, తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా. దువ్వెన పళ్లలా ఉన్నాయి. నా కింద పనిచేసే పొడుగాయన "దువ్వెన" అన్నాడు. అదే పేరు స్థిరపడింది.

ఇలాంటప్పుడు మా పద్ధతి ఒకటే. ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా ఆపుతూ పోవాలి. ఏది ఆపితే రొద ఆగుతుందో అదే దొంగ. పక్క పరికరాలు ఆపాం. దువ్వెన ఉంది. ట్యూబులైట్లు ఆపాం. ఉంది. క్రేను, కంప్యూటర్లు, గోడ గడియారం ఆపాం. ఉంది. చివరికి ఏసీ ఆపాం. వెంటనే ఏమీ కాలేదు. హాలు మెల్లిగా వేడెక్కింది. అందరికీ చెమటలు. నేనూ కోటు స్విచ్ కట్టేసి, కాగితంతో విసురుకుంటూ తెర ముందు కూర్చున్నాను. చూస్తే దువ్వెన మాయం. మళ్లీ ఏసీ వేశాం. కాసేపు ఏమీ లేదు. హాలు చల్లబడి మళ్లీ వణుకు పుట్టేసరికి దువ్వెన వచ్చేసింది. నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ అదే.

కాబట్టి ఏసీ దొరికింది. ఏసీ మెకానిక్ ఒప్పుకోలేదు. "ఆపిన పావుగంటకి ఆగే రొద నా మిషనుది ఎలా అవుద్దండీ" అన్నాడు. కంప్రెసరు చల్లారడానికి ఆ మాత్రం పడుతుందని నేనే కాగితం మీద బొమ్మ గీసి వివరించాను. అతను ఆ బొమ్మ కేసి చూసి, నా కేసి చూసి, పానా తీసుకుని పైకెక్కాడు. మోటారు మారుస్తున్నారు.

మనసు తేలికపడింది. ఇరవై నాలుగున సమీక్ష. అప్పటికి డబ్బా శుభ్రంగా ఉంటే ఎగురుతుంది.

నీ
పొట్టి


ఫిబ్రవరి 12, గురువారం

వదినా,

నీ ఉత్తరం చేరింది. అన్నయ్య పనితనం చదివి నవ్వుకున్నాను. మేనేజరు పాంటుకి రెండో మోకాలి దగ్గర కూడా త్రికోణం వేసెయ్, డిజైను అనుకుంటాడు.

ఏసీ కాదు. మోటారు మార్చారు, దువ్వెన పోలేదు. నిన్న ఏసీ మొత్తం విప్పి ఉండగా వాన పట్టింది. షట్టరు కింద నుంచి చల్లగాలి. ఏసీ లేకుండానే గజగజ వణికాం. దువ్వెన వచ్చింది. మెకానిక్ నిచ్చెన మీద నుంచి వంగి, నేను గీసిన బొమ్మ మడిచి నాకు తిరిగిచ్చాడు.

ఇంకోటి తేలింది. నేను భోజనానికి వెళ్లినప్పుడు పొడుగాయన అదే పరీక్ష నడుపుతున్నాడు. తెర తెల్లగా ఉంటోంది. నేను వచ్చి కూర్చుంటే దువ్వెన. మూడు రోజుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూశారు. పెద్దాయన కళ్లజోడు తీసి, "నువ్వొస్తే మోగుతోంది, నువ్వెళ్తే ఆగుతోంది. ఏమిటమ్మా ఇది?" అన్నారు. అందరూ నన్నే చూశారు. పొడుగాయన ఒక్కడే బూట్ల కేసి చూసుకున్నాడు. నేను వాడే తీగ ఏదో తేడాగా ఉండి ఉంటుందని తీగలన్నీ మార్చాను. ఫలితం లేదు.

సమీక్షలో ఏం చెప్పాలో తెలియడం లేదు. కారణం తెలియని రొదతో పరికరాన్ని ఎగరనివ్వరు. రేపు పైనుంచి వచ్చిన అంకెల్లో ఏది ఆకాశానిదో ఏది మనదో ఎలా నమ్మడం? అలాంటి డబ్బాని ఎగరేయడానికి నేనే ఒప్పుకోను. లేత్ మేస్త్రీ అలమర తెరిచి దిమ్మ మీద దుమ్ము తుడిచాడు. అతను రోజూ అన్నీ తుడుస్తాడట. నేను ఇవాళే చూశాను.

కోటు వేసుకునే ఉన్నాను. కంగారు పడకు.

నీ
పొట్టి


ఫిబ్రవరి 17, మంగళవారం

పొట్టీ,

రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. మొదటిదాంట్లో ఏసీ దొంగ, రెండోదాంట్లో నువ్వు దొంగ. రెండూ చదివేసరికి కుట్టు మిషన్లో దారం తెగింది, నేనే తెంపానేమో.

నువ్వొస్తే మోగుతోందా? ఆ మాట అన్నాయన ఎంత పెద్దాయనైనా సరే, నాకు లెక్కలేదు. ఈ ధోరణి నాకు కొత్త కాదు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే మీ హాల్లో గడియారం ఆగిపోయింది. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనలేదు. గడియారం చూడటం, నన్ను చూడటం. అంతే. వచ్చిన చుట్టాలంతా వరసగా అదే పని. నీకప్పుడు పదకొండేళ్లు. స్టూలు లాక్కొచ్చి ఎక్కి, గడియారం దించి, వెనక మూత తీసి, "బ్యాటరీ అయిపోయింది, అంతే" అని అందరికీ వినపడేలా అరిచావు. రిమోట్లో బ్యాటరీ పీకి అందులో వేశావు. టీవీ ఆగిందని మీ అన్నయ్య నిన్ను తిట్టాడు. నేను ఈ ఇంట్లో మొదటిసారి నవ్వింది అప్పుడే.

అందుకని మీ పెద్దాయనకి నేనే ఒక ఉత్తరం రాసి ఇందులో పెడుతున్నాను. అతికించాను, నువ్వు విప్పకు. ఏం రాశానో చెప్తాను. "అయ్యా, నేను బట్టలు కుట్టేదాన్ని, మీ చదువు నాకు లేదు. కానీ కోటు సరిపోలేదంటే మనిషిని తప్పుపట్టే ముందు టేపు తీసి కొలుస్తాను. మా ఆడపడుచు వస్తే మోగుతోంది అన్నారు. మిగతా వాళ్లని కూడా ఇలాగే ఒక్కొక్కరినీ పంపించి చూశారా? చూడకుండా అంటే అది కొలత కాదు, మాట." ఇంకా రెండు వాక్యాలున్నాయి, అవి నీకు అనవసరం.

కోటు వేడి పెంచుకో. దిగులుగా ఉన్నప్పుడు చలి ఎక్కువ వేస్తుంది.

వదిన


ఫిబ్రవరి 23, సోమవారం

వదినా,

నీ ఉత్తరం పెద్దాయన అందరి ముందూ చదివారు. ఆ రెండు వాక్యాలతో సహా. చదివి మడిచి జేబులో పెట్టుకుని, "ఆవిడ చెప్పిందీ నిజమే. వస్తువులన్నీ ఆపి చూశాం, మనుషుల్ని ఆపి చూడలేదు" అన్నారు.

వెంటనే అందరినీ ఒక్కొక్కరిగా బయటికి పంపారు. అక్కడే కారణం దొరికింది. హాల్లో ఎవరో చలికి ఒక చిన్న హీటరు తెచ్చుకుని వాడుతున్నారు. బ్యాటరీతో నడిచేది, అందుకని మన స్విచ్చుల లెక్కలోకి రాలేదు. ఆపితే దువ్వెన పోయింది. ఎవరిదని అడక్కు, పాపం వాళ్లు సిగ్గుపడుతున్నారు. దాన్ని రేకు డబ్బాలో పెట్టి తాళం వేశాం.

కోటు గురించి కూడా ఇక్కడ చాలా చర్చ జరిగింది. పెద్దాయన స్వయంగా చేతుల్లోకి తీసుకుని, తిరగేసి, యాంటెన్నాకి దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. "పద్దెనిమిది వరసలు, ఎక్కడా ఒక మిల్లీమీటరు తేడా లేదు. మనం ఇంత బాగా కట్టలేం" అన్నారు. పొడుగాయన ఫొటోలు తీశాడు. ఆ దువ్వెన గీతలకి ఇప్పుడు అందరూ నీ పేరే పెట్టారు, "వదిన దువ్వెన" అంటున్నారు. కాగితాల మీద కూడా అలాగే రాస్తున్నారు.

రేపు సమీక్ష. ధైర్యంగా ఉన్నాను. చలి పెద్దగా అనిపించడం లేదు.

నీ
పొట్టి


ఫిబ్రవరి 27, శుక్రవారం

పొట్టీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అయిదోసారి పక్కషాపు చెప్పుల ఆయన చదివాడు. రాకెట్ వాళ్లు గీతకి నా పేరు పెట్టారంటే ఎవరు నమ్ముతారు? నమ్మారు. ఉత్తరం చూపించాను మరి. బ్యాంకు మేనేజరు కూడా చదివాడు, పాంటు సంగతి ఎత్తలేదు. అన్నయ్య లిఫ్టుల ఆఫీసులో చెప్పి, అందరికీ టీ పోయించాల్సి వచ్చింది.

ఇక అసలు సంగతి. నీ ఒక్కదానికి కోటు ఉండి, మిగతా ఏడుగురూ చలిలో కూర్చోవడం నాకు బాగా అనిపించలేదు. అంత మెచ్చుకున్న మనుషులు! ఏడు కోట్లు కుట్టాను. మూడు రోజులుగా షాపులో వేరే పని ముట్టుకోలేదు. కొలతలు నీ ఉత్తరాల్లో చూసి ఊహించాను, పొడుగాయనకి నాలుగంగుళాలు ఎక్కువ పెట్టాను. వరసలు ఈసారి ఇరవై నాలుగు. అన్నయ్య ఇంకా గట్టి బ్యాటరీలు తెచ్చాడు, రెండింతల వేడి. వ్యాను డ్రైవరుకి చెప్పి ఇవాళే పార్సిలు పంపించాను. ప్రయోగం రోజున అందరూ తొడుక్కోవాలని పెద్దాయనకి చీటీ కూడా పెట్టాను.

షాపుకి కొత్త బోర్డు రాయిస్తున్నాను. "రాకెట్ కేంద్రానికి కోట్లు కుట్టినవారు." చెప్పుల ఆయన సలహా.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ హీటరు తెచ్చిన మనిషి ఎవరో గానీ, బుద్ధుందా? నిన్ను అంతమంది ముందు నిలబెట్టి, తన హీటరు పక్కనే పెట్టుకుని ఎలా ఊరుకున్నారు? నువ్వు మెతకదానివి కాబట్టి పాపం అంటున్నావు. ముఖం మీద అడుగు. నేనైతే కాలరు పట్టుకునేదాన్ని.

వదిన


మార్చి 3, మంగళవారం

వదినా,

వ్యాను బయటే ఆగి ఉంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అయినా ఈ ఉత్తరం రాయకుండా పంపను.

హీటరు మనిషిని కాలరు పట్టుకుని అడిగాను. నేనే. ఆ హీటరు నీ కోటే.

అన్నయ్య డబ్బా కరెంటుని ఆపుతూ వదులుతూ ఉంటుందని నువ్వే రాశావు. అలా సెకనుకి ఇరవై వేలసార్లు. మనిషి చెవికి అందదు, నా రిసీవర్‌కి అందుతుంది. పద్దెనిమిది వరసల తీగ దాన్ని యాంటెన్నాలా నలువైపులా వెదజల్లింది. ఇరవై వేలకి ఒక గీత, నలభై వేలకి ఇంకో గీత, అలా ఒక దువ్వెన. ఏసీ ఆపితే నాకు ఉక్కపోసి కోటు ఆపేదాన్ని. వానకి చలేసి వేసేదాన్ని. డబ్బా సంగతంతా నువ్వు రాసిన ఆ ఉత్తరం చదివి, నవ్వుకుని, జేబులో పెట్టుకున్నాను. ఆ జేబు కూడా ఈ కోటుదే. అది బట్ట అనుకున్నాను వదినా, వస్తువనుకోలేదు. నువ్వు కుట్టావు కదా, ఇంక దాన్ని అనుమానించాల్సిన జాబితాలోకి తేలేదు.

పోయినసారి రాసిన ప్రతి మాటా నిజమే. పెద్దాయన మెచ్చుకున్నారు, గీతకి నీ పేరు పెట్టారు. కానీ నీకు ఎలా అర్థమవుతుందో తెలిసే రాశాను. గడియారం సంగతి రాశాక, నీ వల్ల మోగిందని ఎలా రాయను?

ఇవాళ రాయక తప్పలేదు. సమీక్షలో డబ్బా ఎగరొచ్చన్నారు, ఒక షరతు మీద. కిందికి అంకెలు పంపే దారి ఇరుకు. ఏవి పంపాలో డబ్బాయే ఎంచుకోవాలి. దువ్వెన పళ్లు ఉన్న చోట్లన్నీ చెత్త అనుకుని వదిలెయ్యమని ముందు దానికి చెప్పి పెట్టాం. ఆ ఆజ్ఞ అలాగే ఉంచుదామని పెద్దాయన అన్నారు. ఇవాళ మళ్లీ కూర్చున్నప్పుడు నేను వద్దన్నాను. కారణం తెలిసిపోయాక అన్ని చోట్ల చెవులు మూయడం దేనికి, ఆజ్ఞ తీసేద్దాం, పైన దువ్వెన కనపడదు, పూచీ నాది అన్నాను. కనపడితే నా ఏడేళ్లూ దిమ్మ కిందే లెక్క. ఆయన సరేనని తలూపుతుండగా గేటు దగ్గర నుంచి పార్సిలు వచ్చింది. మీద "ప్రయోగం రోజున తొడుక్కోండి" అని ఉంది. పెద్దాయన విప్పి చూసి, "ఒక్క దువ్వెనకే జుట్టు పీక్కున్నాం. ఇప్పుడు ఏడా?" అన్నారు. పూచీ మాట ఆలోచించి చెప్తానన్నారు. కోట్లన్నీ రేకు డబ్బాలో ఉన్నాయి.

బ్యాటరీ తీస్తే ఆగిపోయింది వదినా. గడియారం బ్యాటరీ వేస్తే నడిచింది, ఇది తీస్తే ఆగింది. అంతే. ఇందులో నీ తప్పేమీ లేదు.

నీ
పొట్టి


మార్చి 6, శుక్రవారం

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం చేరింది.

కోటు వల్ల మోగినందుకు నాకేం బాధ లేదు. తీగ అన్నాక మోగుతుంది, మీ అన్నయ్య కట్టాక ఇంకా మోగుతుంది. పదకొండేళ్లప్పుడు అంతమంది పెద్దల ముందు స్టూలెక్కి ఉన్నది ఉన్నట్టు అరిచిన పిల్ల, ఇంత చదివి, నాకు చక్కెర పూసి ఉత్తరం రాసింది. దాన్ని నేను వీధంతా చదివి వినిపించాను. అదీ నా బాధ. నేను గడియారం ఆగితే ఏడ్చే కొత్తకోడల్ని కాదు ఇప్పుడు. పదహారేళ్ల నుంచి షాపు నడుపుతున్నాను. "వదినా, నీ కోటు నా కొంప ముంచింది" అని రాస్తే సరిపోయేది.

బోర్డు రాసే ఆయన్ని మధ్యలో ఆపించాను. అప్పటికి "రాకెట్ కేంద్రానికి" దాకా రాశాడు. మిగతా డబ్బు ఇవ్వనన్నాను, బోర్డు అలాగే తగిలించి పోయాడు. ఇప్పుడది దారి చూపించే బోర్డులా ఉంది. నిన్న ఒకాయన స్కూటరు ఆపి ఎడమకా కుడికా అని అడిగాడు. మీ అన్నయ్య నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆయన డబ్బా కూత మీ యంత్రానికి వినపడిందని తెగ గర్వపడుతున్నాడు కూడా.

కోట్లు డబ్బాలో పెట్టి పాడుచేయొద్దు. తీగ ఊడదీయొచ్చు. ఎడమ పక్క కుట్టు దగ్గర లోపలివైపు ఎర్ర దారం ముడి ఉంటుంది. అది ఒక్కటి కత్తిరిస్తే తీగ మొత్తం లాగితే వచ్చేస్తుంది, దూది కదలదు. కత్తెర మొనతో పొడవొద్దు. నాలుగు చోట్ల లాగి చూసి, ఇక తీగ లేదని తేల్చుకునే వేసుకోండి. ఈ మాట పెద్దాయనకి చెప్పండి, మీ పూచీ సంగతి ఆయన ఆలోచిస్తారేమో.

చలికి ఏం తొడుక్కుంటున్నారో రాయలేదు.

వదిన


మార్చి 12, గురువారం

వదినా,

నీ కోటు నా కొంప ముంచింది. పోయినసారి రాయాల్సింది ఇదే. ఇప్పుడు రాశాను.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. పెద్దాయనకి చదివి వినిపించాను, "గారికి" అన్న మాటతో సహా. "ఎర్ర దారం ముడా?" అని ఆయనే కత్తెర అడిగారు. ఎనిమిది మందిమీ పొడుగు బల్ల చుట్టూ కూర్చుని తీగలు లాగాం. ఒక్కో కోటులోంచి ఒక్కో ఉండ వచ్చింది. ఏసీ మెకానిక్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఒక కోటు తీసుకుని తానే లాగి, ఉండ నా ముందు పెట్టి వెళ్లాడు. తర్వాత కోట్లన్నీ ఒంటి మీద వేసుకుని, రిసీవర్ ఆన్ చేసి, దాని చుట్టూ నిలబడ్డాం. తెర తెల్లగా ఉంది. పెద్దాయన ఆజ్ఞ తీసేయమన్నారు. పూచీ నాదే ఉంచారు.

నిన్న ఉదయం ఎండెక్కాక ఎగిరింది. చప్పుడు ఛాతీకి తగిలింది, తల ఎత్తేసరికి పొగే మిగిలింది. మేం కంట్రోలు గదిలో తెర ముందు ఉన్నాం. అదీ చల్లటి గదే. అందరూ కోట్లు తొడిగారు. పొడుగాయన కోటు మోకాళ్ల దాకా వచ్చింది, నాలుగంగుళాలు ఎక్కువ పెట్టకుండా ఉండాల్సింది. కడ్డీలు నాలుగూ చాచుకున్నాయి. తెర తెల్లగా ఉంది. నూట మూడు కిలోమీటర్ల దగ్గర ఒక గీత వచ్చింది. ఒక్కటే. సరిగ్గా దువ్వెన మూడో పన్ను ఉండే చోట.

పెద్దాయన తెర మీంచి చూపు తిప్పకుండా, "మీ వదినేనా?" అన్నారు.

"కాదు సార్. వదిన ఇంట్లో ఉంది."

"కోట్లు?"

"తీగలు లేవు."

"లెక్క?"

పొడుగాయన కోటు ఎత్తిపట్టుకుని హాలుకి పరిగెత్తి, రేకు డబ్బా తాళం తీసి చూసి వచ్చాడు. తీగ ఉండలు ఎనిమిది, బ్యాటరీలు ఎనిమిది. ఈలోగా ఆ గీత కదలడం మొదలుపెట్టింది. రాకెట్ ఎక్కేకొద్దీ పక్కకి ఒరిగి, వెడల్పై, రెండుగా చీలి, మెల్లిగా పోయింది. దువ్వెన పళ్లు అలా కదలవు వదినా, ఎక్కడున్నవి అక్కడే నిలబడతాయి. "అయితే ఇది పైదే" అన్నారు పెద్దాయన. కుర్చీలో వెనక్కి వాలి కోటు బొత్తాం పెట్టుకున్నారు.

ఆజ్ఞ తీసేయకపోతే డబ్బా ఆ గీతని చెత్త అనుకుని పారేసేది. దిమ్మ ఎగిరి ఉంటే అసలు ఏమీ ఉండేది కాదు. రెండుగా చీలడం ఎందుకో ఇంకా ఎవరికీ తెలియదు. దానికి పేరు పెట్టాలి. "వదిన దువ్వెన" అప్పటికే రొదకి ఇచ్చేశాం కాబట్టి ఇది వదిన గీత కాదు అని పొడుగాయన వాదన. వాదన నడుస్తోంది. తేలేదాకా వీధిలో చెప్పకు.

డబ్బా సముద్రంలో ఉంది. నేను శనివారం బయలుదేరుతున్నాను. చలికి నీ కోటే తొడుక్కుంటున్నాను, తీగ లేకుండా. రెండు పొరల దూది, సరిపోతోంది. ఒట్టు తప్పింది మధ్యలో కొన్నాళ్లు, అది కూడా ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. జలుబు చేసింది. నిజంగా జలుబే. వచ్చాక చెయ్యి పెట్టి చూసుకో.

లేత్ మేస్త్రీ అలమర ఖాళీ చేస్తూ ఆ దిమ్మ ఏం చేయమంటారని అడిగాడు. నేను తీసుకున్నాను. సంచిలో పెడితే భుజం ఊడిపోతోంది, స్టేషనుకి అన్నయ్యని పంపించు. కత్తిరింపు బల్ల మీద గుడ్డ జారకుండా పెట్టుకో. నాలుగు మూలలూ నున్నగా ఉన్నాయి, దారం పట్టదు. వేడెక్కదు. మోగదని పెద్దాయన హామీ.

నీ
పొట్టి